లినక్స్ మింట్ 22లో సౌండ్: పాత లాప్‌టాప్‌ల మీద సమీక్ష, రానప్పుడు చూడాల్సిన చోట్లు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ మెషీన్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. నాలుగో తరం, ఆరో తరం లాప్‌టాప్‌లూ, హెచ్61 బోర్డు పెట్టి అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లూ ఇంకా గట్టిగానే పనిచేస్తున్న ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలానే ఉన్నాయి. వాటికి, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఓఎస్ లినక్స్ మింట్ 22 మంచి దారి. ఈ సమీక్ష మాత్రం దాని అందచందాల గురించి కాదు, ఒక్క సౌండ్ గురించే. ఎందుకంటే కొత్త ఓఎస్ వేశాక స్క్రీన్ రాకపోతే వెంటనే తెలుస్తుంది, వైఫై రాకపోతే పది నిమిషాల్లో తెలుస్తుంది. సౌండ్ సంగతి మాత్రం ఎవరో వీడియో కాల్ చేసినప్పుడు బయటపడుతుంది. అప్పటికి పాత విండోస్ చెరిగిపోయి ఉంటుంది, తప్పు ఎవరిదో తేల్చడానికి పోల్చి చూసుకునేదేమీ మిగలదు.

తీర్పు ముందే చెప్పేస్తే: రియల్‌టెక్ చిప్ ఉన్న ఎనిమిదీ పదేళ్ల నాటి ఇంటెల్ లాప్‌టాప్‌లో మింట్ 22 వేయగానే సౌండ్ వచ్చేస్తుంది. డ్రైవర్ కోసం వెతకక్కర్లేదు, అది కెర్నెల్‌లోనే, అంటే మింట్ గుండెకాయలోనే ఉంటుంది. రియల్‌టెక్ సైట్‌కి వెళ్లి లినక్స్ డ్రైవర్ దింపుకోవాలన్న సలహా ఎవరిచ్చినా పట్టించుకోకండి. ఈ తరహా మెషీన్లకి సౌండ్ విషయంలో ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. పదో తరం నుంచి వచ్చిన చవక లాప్‌టాప్‌లకి మాత్రం మూడు దాటవు. కారణాలు కింద ఉన్నాయి.

మింట్ 21 దాకా సౌండ్‌ని నడిపింది పల్స్ఆడియో అనే సౌండ్ సర్వర్, అంటే ప్రోగ్రాంల సౌండ్‌ని కార్డుకి చేర్చే ప్రోగ్రాం. 2024 జులైలో వచ్చిన మింట్ 22 నుంచి ఆ పని పైప్‌వైర్ చేస్తోంది. పేరు మారితే మనకేంటి అనుకోకండి. నెట్‌లో పదేళ్ల కిందట రాసిన చిట్కాల్లో సగం పల్స్ఆడియోని తీసేసి మళ్లీ వెయ్యమంటాయి. మింట్ 22లో అలా చేస్తే ఒక సౌండ్ సర్వర్ మీద ఇంకొకటి ఎక్కి కూర్చుంటుంది, వచ్చే కాస్త శబ్దం కూడా పోతుంది. పైప్‌వైర్‌ని తీసెయ్యకండి. తప్పు అక్కడ ఉండటం చాలా అరుదు.

తోటపల్లి కాలువ చివరి మడికి నీరు అందలేదంటే రైతు మడి గట్టు తవ్వుకుంటూ కూర్చోడు. మదుము దగ్గర నుంచి చూసుకుంటూ వస్తాడు. సౌండ్‌కీ అదే పద్ధతి. బోర్డు మీద చిప్పు, జాక్ ఒక మదుము. కెర్నెల్‌లోని డ్రైవర్, దానికి కావలసిన ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం) రెండోది. పైప్‌వైర్ ఏ దారిలోకి సౌండ్ వదులుతోందన్నది మూడోది. బ్రౌజరో ప్లేయరో చివరి మడి. ఏ మదుము దగ్గర ఆగిందో తెలిస్తే బాగుచేయడం ఎక్కువగా రెండు నిమిషాల పనే. తెలీకుండా ఫార్మాట్ మీద ఫార్మాట్ కొడితే రోజంతా పోతుంది.

మింట్‌లో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది లైవ్ సెషన్. మూడు జీబీలకి కాస్త తక్కువుండే ఐఎస్ఓ ఫైల్‌ని రూఫస్ లేదా వెంటాయ్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మీద రాసి, దాన్నుంచి బూట్ చేస్తే హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే మింట్ మొత్తం నడుస్తుంది. ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందు ఐదు పనులు చేయండి. సౌండ్ సెట్టింగ్స్‌లో టెస్ట్ బటన్ నొక్కి ఎడమ స్పీకర్, కుడి స్పీకర్ విడివిడిగా వినండి. హెడ్‌ఫోన్ పెట్టి వినండి, తీసేశాక స్పీకర్‌లోకి తిరిగి వస్తోందో లేదో చూడండి. ఇన్‌పుట్ ట్యాబ్‌లోకి వెళ్లి మాట్లాడుతూ ఉంటే గీత కదులుతోందా గమనించండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ జత చేయండి. చివరగా లాప్‌టాప్ మూత రెండు నిమిషాలు మూసి, తెరిచాక మళ్లీ టెస్ట్ నొక్కండి. నిద్రలోంచి లేచాక సౌండ్ రాని మెషీన్లు కొన్ని ఉంటాయి, ఇన్‌స్టాల్ చేశాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మేలు. లైవ్‌లో ఈ ఐదూ పనిచేస్తే ఇన్‌స్టాల్ చేశాకా పనిచేస్తాయి, రెండిటిలోనూ ఉన్నది ఒకే కెర్నెల్ కాబట్టి. ఏదైనా పనిచేయకపోతే విండోస్ చెక్కుచెదరకుండా ఉండగానే ఆగి ఆలోచించుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మల్టీమీడియా కోడెక్‌లు (రకరకాల పాట, వీడియో ఫైళ్లని విప్పే ప్రోగ్రాంలు) వెయ్యాలా అని ఒక టిక్ అడుగుతుంది. తప్పకుండా పెట్టండి. మర్చిపోతే యూట్యూబ్ మోగుతుంది గానీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న పెళ్లి వీడియో బొమ్మ కనిపిస్తూ మూగగా ఆడుతుంది. ఒక ఫైల్‌కి సౌండ్ వచ్చి ఇంకొకదానికి రాకపోతే డ్రైవర్‌ని అనుమానించక్కర్లేదు. మెనూలో సౌండ్ అండ్ వీడియో కింద కోడెక్‌లు ఇన్‌స్టాల్ చేసే ఐటమ్ ఉంటుంది, అది నడిపిస్తే సరిపోతుంది. ఇంట్లో ఫైబర్ నెట్ లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, మింట్ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది.

ఇక సౌండ్ రానప్పుడు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది తప్పు దారి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ కలిపిన డెస్క్‌టాప్‌లో మింట్ సౌండ్‌ని మానిటర్‌కి పంపుతూ ఉంటుంది, ఆ మానిటర్‌కేమో స్పీకర్లుండవు. కింద మూలనున్న స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి అవుట్‌పుట్ డివైస్ మార్చండి. అక్కడ అనలాగ్ స్టీరియో అనేదే కనిపించకపోతే సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ ప్రొఫైల్ అనే డ్రాప్‌డౌన్ తెరిచి, అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్ ఎంచుకోండి. డ్యూప్లెక్స్ అంటే స్పీకరూ మైకూ రెండూ. అవుట్‌పుట్ అని మాత్రమే ఉన్నది ఎంచుకుంటే స్పీకర్ వస్తుంది, మైక్ మాయమవుతుంది. ఆ తర్వాత మైక్ పోయిందని వేరే ఫిర్యాదు మొదలవుతుంది.

దారి సరిగ్గానే ఉంది, గీత కదులుతోంది, శబ్దం మాత్రం లేదు అంటే కెర్నెల్‌లోని సౌండ్ భాగమైన ఆల్సా మిక్సర్‌లో మ్యూట్ అయి ఉండొచ్చు. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కి టెర్మినల్ తెరవండి. ఆల్సామిక్సర్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మొదట పైప్‌వైర్ పేరుతో ఒకే గీత కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోకండి. ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకోవాలి. ఇంటెల్‌లో హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్ అని ఉంటుంది. ఇక్కడ నాలుగు, ఐదో తరం లాప్‌టాప్‌ల వాళ్లకి ఒక హెచ్చరిక. వాటిలో హెచ్‌డీఎంఐకి వేరే ఆడియో కంట్రోలర్ ఉంటుంది, సాధారణంగా అదే మొదటి కార్డుగా వచ్చి కూర్చుంటుంది. సున్నా నంబర్ కార్డే అసలుదనుకుని దాని గీతలు ఎంత పెంచినా ఫలితం ఉండదు, రెండోది ఎంచుకోండి. ఏఎండీ మెషీన్లలో హెచ్‌డీ ఆడియో జెనరిక్ అని ఒకే పేరుతో రెండు కనిపిస్తాయి. స్పీకర్, హెడ్‌ఫోన్ అన్న గీతలు ఏ దాంట్లో ఉంటే అదే మనది.

గీత కింద రెండు ఎమ్‌లు కనిపిస్తే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ఎమ్ నొక్కితే రెండు సున్నాలుగా మారుతుంది, అప్పుడు పైబాణంతో పెంచండి. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్, పీసీఎం నాలుగూ చూడాలి. ఎస్కేప్ నొక్కి బయటికి రండి. ఈ సెట్టింగ్స్ డిస్క్ మీదకి ఎక్కేది సిస్టమ్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసినప్పుడే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి గాలివాన రోజున కరెంటు పోతే మీరు సరిచేసినదంతా పోయి, మర్నాడు మళ్లీ మూగగా లేస్తుంది. అందుకే మార్చిన వెంటనే టెర్మినల్‌లో సుడో, ఆల్సాకంట్రోల్, స్టోర్ అనే మూడు మాటల ఆదేశం ఇచ్చి భద్రపరచండి. ఇందులో మధ్య మాటని ఏ, ఎల్, ఎస్, ఏ, సీ, టీ, ఎల్ అని ఏడు అక్షరాలతో రాయాలి.

తీర ప్రాంతపు లాప్‌టాప్‌లకి మరీ ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో హెడ్‌ఫోన్ జాక్ లోపలి రేకుకి చిలుము పడుతుంది. ఏమీ పెట్టకపోయినా హెడ్‌ఫోన్ పెట్టినట్టు ఆ రేకు కబురు పంపుతూ ఉంటుంది, దాంతో స్పీకర్ నోరు మూసుకుంటుంది. విండోస్ ఉన్న రోజుల్లో అడపాదడపా వచ్చిన ఈ తేడా, ఓఎస్ మార్చిన వారంలో మళ్లీ వస్తే నింద మింట్ మీద పడుతుంది. పోల్చుకోవడం తేలిక: జాక్ ఖాళీగా ఉండగా సౌండ్ సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్స్ ఎంపికై ఉంటే తప్పు జాక్‌దే. మెషీన్ ఆపి, ఛార్జర్ తీసి, హెడ్‌ఫోన్ పిన్నుని పది పదిహేనుసార్లు పెట్టి తియ్యండి. అయినా పోకపోతే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క పిన్నుకి రాసి, జాక్‌లో పెట్టి తిప్పి, ఆరడానికి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వాడకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. రేకు పూర్తిగా పాడైతే ఆల్సామిక్సర్‌లో కుడి చివర ఆటో మ్యూట్ మోడ్ ఉంటుంది, దాన్ని డిసేబుల్డ్ చేయండి. జాక్ ఏం చెప్పినా స్పీకర్ మోగుతుంది. ఒక పాత జాక్ కోసం బోర్డు రిపేరుకి పోనక్కర్లేదు.

అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో వెనక పచ్చ జాక్ స్పీకర్‌కి, గులాబీ రంగుది మైక్‌కి, నీలం లైన్ ఇన్‌కి. ముందు జాక్ మాత్రం పనిచేయకపోతే క్యాబినెట్ తెరిచి చూడండి. దాన్నుంచి బోర్డుకి వచ్చే వైరుకి కొన్ని క్యాబినెట్లలో రెండు కనెక్టర్లుంటాయి, ఒకదాని మీద ఏసీ97 అనీ ఇంకోదాని మీద హెచ్‌డీ ఆడియో అనీ ఉంటుంది. హెచ్‌డీ ఆడియోది మాత్రమే బోర్డు మీది తొమ్మిది పిన్నుల హెడర్‌కి పెట్టాలి. ఏసీ97ది పెడితే హెడ్‌ఫోన్ పెట్టిన సంగతి మింట్‌కి తెలియదు.

డ్యూయల్ బూట్ పెట్టుకున్నవాళ్ల బాధ వేరు. ఒక రోజు సౌండ్ వస్తుంది, ఒక రోజు రాదు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ దీనికి కారణం కావచ్చు. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆరదు, సగం నిద్రలోకి వెళ్తుంది, సౌండ్ చిప్‌ని ఏ స్థితిలో వదిలిందో ఆ స్థితిలోనే మింట్ చేతికి వస్తుంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. రీస్టార్ట్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు. అందుకే విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి మింట్‌లోకి వస్తే సౌండ్ వచ్చి, షట్‌డౌన్ చేసి వస్తే రాకపోతే జబ్బు ఇదేనని గట్టిగా చెప్పొచ్చు. ఇప్పటికే చిక్కుకున్న చిప్‌ని విడిపించడానికి మెషీన్ ఆపి, ఛార్జర్ పీకి, తీయడానికి వీలుంటే బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్ ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోండి.

డమ్మీ అవుట్‌పుట్ అని కనిపిస్తే సమస్య లోతైనది. పైప్‌వైర్‌కి అసలు కార్డే దొరకలేదని దానర్థం. టెర్మినల్‌లో ఐ, ఎన్, ఎక్స్, ఐ అని రాసి, ఖాళీ వదిలి, హైఫన్, పెద్ద అక్షరంలో ఏ పెట్టి ఎంటర్ నొక్కండి. ఆడియో పరికరాల పేర్లూ, వాటిని నడిపే డ్రైవర్ పేరూ వస్తాయి. పరికరమే కనపడకపోతే బయాస్‌లోకి వెళ్లి ఆన్‌బోర్డ్ ఆడియో డిసేబుల్ అయిందేమో చూడండి. డెస్క్‌టాప్ బోర్డుల్లో సీమాస్ బ్యాటరీ మార్చినప్పుడూ బయాస్ రీసెట్ చేసినప్పుడూ ఈ సెట్టింగ్ మారిపోవచ్చు. పరికరం కనపడి, కెర్నెల్ సందేశాల్లో కోడెక్‌లు (ఇక్కడ ఫైళ్లని విప్పేవి కాదు, బోర్డు మీది సౌండ్ చిప్ అని అర్థం) ఏవీ దొరకలేదన్న వాక్యం ఉంటే బయాస్ సంగతి మళ్లీ చూసుకుని, పైన చెప్పిన ముప్ఫై సెకన్ల పద్ధతి ప్రయత్నించండి. దానికీ లొంగకపోతే అప్పుడు చిప్ పోయిందని అనుమానించడం న్యాయం. వేసవిలో పిడుగులు పడే సాయంత్రాల్లో ప్లగ్‌లో వదిలేసిన మెషీన్లకి అలా జరుగుతుంది.

పరికరం పేరుతో పాటు డ్రైవర్ దగ్గర సాఫ్ అన్న మూడక్షరాలు కనిపిస్తే మీది కొత్త తరం ఇంటెల్. సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అన్నదానికి అది పొట్టి పేరు. ఈ మెషీన్లలో మైక్ డిజిటల్‌ది, నేరుగా ప్రాసెసర్ పక్కనుండి సౌండ్ పని చూసే డీఎస్‌పీ అనే భాగానికి కలిపి ఉంటుంది. ఆ డీఎస్‌పీకి ఫర్మ్‌వేర్ ఫైల్ అందకపోతే ఏదీ పలకదు. ముందు అప్‌డేట్ మేనేజర్ నడిపి అన్నీ వేసుకోండి, ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు అందులోనే వస్తాయి. అయినా రాకపోతే అప్‌డేట్ మేనేజర్‌లోనే వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నెల్స్ తెరిచి కొత్త కెర్నెల్ వేయండి. మింట్ 22, 22.1 లతో వచ్చింది 6.8, 22.2తో వచ్చింది 6.14. కొత్త లాప్‌టాప్‌కైతే మొదటే 22.2 గానీ ఆ తర్వాతిది గానీ దింపుకోవడం మంచిది. డీఎస్‌పీ వద్దు, పాత హెచ్‌డీఏ డ్రైవర్‌తోనే నడువు అని కెర్నెల్‌కి చెప్పే చిట్కా ఒకటి బాగా తిరుగుతోంది. దాంతో స్పీకర్ వచ్చినా డిజిటల్ మైక్ పోతుంది. కాల్స్ మాట్లాడని మెషీన్‌కైతేనే అది పనికొస్తుంది. ఈఎస్8336 అనే చిప్ ఉన్న చవక లాప్‌టాప్‌లతో మాత్రం జాగ్రత్త. ఒకే చిప్‌ని కంపెనీకో తీరున కలిపారు, ఒకదాంట్లో పనిచేసిన మందు ఇంకోదాంట్లో పనిచేయదు. లైవ్‌లో వాటికి సౌండ్ రాకపోతే మింట్ వేయకండి. నాకు తోచిన నిజాయితీ సలహా ఇదే.

మైక్ గురించి విడిగా చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఎన్నో ఇళ్లలో మనుషులు పనికోసం దూరదేశాల్లో ఉంటారు. ఆ ఇళ్లలో కంప్యూటర్‌కి మొదటి పని వీడియో కాల్. మన మాట అవతలికి వినపడకపోతే ఆ మెషీన్ ఉన్నా లేనట్టే. పాత లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ రెండు వేరు జాక్‌లుంటే, ఫోన్‌తో వచ్చిన మూడు నల్లగీతల పిన్ను ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడు వినపడుతుంది గానీ దాని మైక్ పనిచేయదు. ఒక ఆడ పిన్ను నుంచి రెండు మగ పిన్నులుగా విడిపోయే చిన్న వైరు కావాలి, నూటా యాభై లోపు దొరుకుతుంది. లోపలి మైక్‌లో హోరు ఎక్కువుంటే ఆల్సామిక్సర్‌లో మైక్ బూస్ట్ తగ్గించండి. బూస్ట్ ఒక మెట్టు మీద ఉంచి, ఇన్‌పుట్ వాల్యూమ్ పెంచుకుంటే మాట స్పష్టంగా ఉంటుంది. కీబోర్డు పైవరసలో మైక్ గుర్తున్న మీట వెలిగి ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, ఇంతదూరం రాకముందే దాన్ని చూసుకోండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో పాట హాయిగా వినిపించి, కాల్ ఎత్తగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. ఇది మింట్ తప్పు కాదు. మైక్ వాడాలంటే బ్లూటూత్ ఏ2డీపీ (పాటలు వినే పద్ధతి) నుంచి హెచ్ఎఫ్‌పీకి (కాల్స్ పద్ధతి) మారాలి. అందులో నాణ్యత 8 కిలోహెర్ట్జ్ గానీ, ఎంఎస్‌బీసీ అనే మెరుగైన కోడెక్ ఉంటే 16 కిలోహెర్ట్జ్ గానీ, అదీ మోనోలో. ఎంఎస్‌బీసీకి పైప్‌వైర్ సపోర్ట్ ఉంది కాబట్టి 8తో సరిపెట్టుకోవాల్సిన పని తక్కువ. ఇంకా బాగా వినాలంటే సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా లాప్‌టాప్ మైక్ ఎంచుకుని, అవుట్‌పుట్ మాత్రం ఇయర్‌ఫోన్‌కి ఉంచండి.

మాట మొదలయ్యేటప్పుడు మొదటి అక్షరం మింగేసి, చిన్న టప్ శబ్దం రావడం ఇంకో చికాకు. ఐదు సెకన్లు ఏమీ మోగకపోతే పైప్‌వైర్ పక్కనుండే వైర్‌ప్లంబర్ కార్డుని నిద్రపుచ్చుతుంది. మళ్లీ లేచేటప్పుడు ఆ టప్. వైర్‌ప్లంబర్ సెట్టింగ్స్‌లో సస్పెండ్ టైమ్‌అవుట్‌ని సున్నా చేస్తే నిద్రపోదు. అదే టప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రమే వస్తుంటే అది కెర్నెల్‌లోని హెచ్‌డీఏ పవర్ సేవ్ పని, దాన్నీ సున్నా చేయాలి. ఈ రెండిటిలో ఏది ముట్టుకునే ముందైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాంలో సిస్టమ్ స్నాప్‌షాట్ ఒకటి తీసిపెట్టండి.

విజయనగరంలో సౌండ్ గురించి మాట్లాడి సంగీతాన్ని వదిలేస్తే లెక్క పూర్తికాదు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల ఆ ఊళ్లోనే ఉంది. వయొలిన్, మృదంగం నేర్చుకునే పిల్లలు సాధన రికార్డు చేసుకోవడానికి ఒక పాత లాప్‌టాప్ చాలు. మింట్ 22 నిజంగా మెరిసేది ఇక్కడే. పైప్‌వైర్ మామూలుగా ఒక్కో దఫాకి 1024 నమూనాలు పంపుతుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 21 మిల్లీసెకన్లు. పాట వినడానికి, కాల్స్‌కి ఇది తెలియనే తెలియదు. హెడ్‌ఫోన్‌లో తన వాయిద్యాన్ని తానే వింటూ వాయించేవాళ్లకి మాత్రం ఆ ఆలస్యం తాళాన్ని లాగేస్తుంది. దాన్ని 256కి దింపితే ఐదు మిల్లీసెకన్ల పైచిలుకు, 128కి దింపితే మూడులోపే. పాత ప్రాసెసర్ 128 దగ్గర తట్టుకోలేక చిటపటలాడితే 256 దగ్గర ఆగండి. టెర్మినల్‌లో పీడబ్ల్యూ టాప్ (మధ్యలో హైఫన్ పెట్టాలి) అనే పనిముట్టు నడిపి, ఈఆర్ఆర్ అన్న వరసలో అంకె పెరుగుతోందేమో చూడండి, పెరిగితే దఫా సైజు మరీ చిన్నదైనట్టు. పైప్‌వైర్ జాక్ ప్యాకేజీ (ఈ జాక్ హెడ్‌ఫోన్ జాక్ కాదు, రికార్డింగ్ ప్రోగ్రాంలు వాడే సౌండ్ సర్వర్ పేరు) ఒకటి వేసుకుంటే ఆర్డర్ (Ardour) లాంటి రికార్డింగ్ ప్రోగ్రాం కూడా వేరే సర్వర్ ఏదీ లేకుండానే నడుస్తుంది. విండోస్‌లో ఇదే పనికి ఏఎస్ఐఓ డ్రైవర్ల కోసం వెతుక్కోవాలి.

చిప్ నిజంగా పోతే, బోర్డు మార్చమని ఎవరన్నా ఒప్పుకోకండి. రెండు మూడు వందల్లో దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టండి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి మింట్‌లో డ్రైవర్ అక్కర్లేదు, పెట్టిన మరుక్షణం అవుట్‌పుట్ జాబితాలోకి వస్తుంది. డబ్బా మీద 7.1 అని రాసి ఉన్నా జాక్ ఒకటే స్టీరియోది అయితే లోపలున్నదీ స్టీరియోనే, ఆ అంకెకి ఎక్కువ ఇవ్వకండి. చవకవాటిలో తరచూ కనిపించే సీ-మీడియా సీఎం108 చిప్‌లో మైక్ మోనో, నాణ్యత 16 బిట్లు. కాల్స్‌కి, పాఠాలకి బ్రహ్మాండంగా సరిపోతుంది, వయొలిన్ రికార్డింగ్‌కి చాలదు. దానికైతే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి ఇంటర్‌ఫేస్ కొనడమే దారి. ఏదైనా సరే నేరుగా లాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. కరెంటు విడిగా అందని హబ్‌లో పెన్‌డ్రైవ్ పక్కన పెడితే మధ్యమధ్య తెగుతుంది.

ఓఎస్ మీరే వేసుకోలేక శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపో, విజయనగరం మూడు లాంతర్ల వైపో షాపుకి తీసుకెళ్తే, మీ హెడ్‌ఫోన్ కూడా పట్టుకెళ్లండి. డబ్బులివ్వకముందే కౌంటర్ దగ్గరే లైవ్ సెషన్‌లో చెప్పిన ఐదు పరీక్షలూ చేయించండి. సౌండ్ చిప్ పోయింది అని చెబితే, డమ్మీ అవుట్‌పుట్ దగ్గర చెప్పిన ఐ, ఎన్, ఎక్స్, ఐ ఆదేశం నడిపి చూపించమనండి. ఆ జాబితాలో పరికరం పేరూ డ్రైవర్ పేరూ వచ్చి, కెర్నెల్ సందేశాల్లో కోడెక్ దొరకలేదన్న మాట లేకపోతే చిప్ బతికే ఉంది. పని తెలిసినవాళ్లు ఇలా అడిగినందుకు ఏమీ అనుకోరు.

అప్‌డేట్ తర్వాత, అంతకుముందు దాకా బాగున్న సౌండ్ పోయిన సందర్భం ఒక్కటే మిగిలింది. మింట్ పాత కెర్నెల్‌ని వెంటనే తీసెయ్యదు. బూట్ అవుతుండగా షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కి గ్రబ్ మెనూ (ఏ ఓఎస్, ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునే తెర) తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముందటి కెర్నెల్ ఎంచుకోండి. దాంతో సౌండ్ తిరిగి వస్తే, తర్వాతి కెర్నెల్ అప్‌డేట్ వచ్చేదాకా ఆ పాతదాంతోనే నడుపుకోండి, దాన్ని మాత్రం తొలగించకండి.